కవరులో ఏముంటే అది

చిలోయె దీవిలో వానకి సెలవు లేదు.
కాస్ట్రో ఆసుపత్రి రెండో అంతస్తు సొరుగులో
నూట ఇరవై కవర్లు, అంటించినవి,
సాంతియాగో నుంచి ఫెర్రీ ఎక్కి వచ్చాయి.
కడుపు కోసి, లోపలి పని ముగించి
చర్మం దగ్గరికొచ్చేసరికి
డాక్టర్ ఇతూర్రా చేతులు పైకెత్తి ఆగుతుంది.
నేను ఒక కవరు చింపుతాను.
దారం. లేదా పిన్నులు. లేదా జిగురు.
ఏది మేలో ఇంకా తేలలేదు కనకే
ఈ చీటీల ఆట.

దారం నెమ్మది.
నీలం నైలాను, వంకర సూది,
ముడికో ఊపిరి.
"దగ్గర చేర్చు, గొంతు నులమకు" అంటుంది ఆమె
కొత్తగా చేరిన కుర్ర డాక్టరు
బూటు లేసులా లాగి బిగిస్తుంటే.
పిన్నులకి ఓపిక లేదు.
టక్కు టక్కు టక్కు,
నేను గడియారం వైపు తల తిప్పేలోగా
పొట్ట మీద ఒక చేపముల్లు.
జిగురంటే ఊదారంగు చుక్క, ముక్కుని పొడిచే వాసన.
రెండు అంచులూ వేళ్ళతో కలిపి పట్టి
అరవై లెక్కపెట్టాలి.
ఆ అరవైలో ఎన్నిసార్లో
ఇంట్లో పొయ్యి ఆర్పానా లేదా అని ఆలోచించాను.

ముప్పయ్యో రోజున కాగితం స్కేలు పట్టుకుని నేను.
పొడవు, వెడల్పు, ఎరుపు, చీము.
చివరి ప్రశ్న: మీ మచ్చకి పదికి ఎన్ని మార్కులు?
ఉబెలిందా బార్రియా, డెబ్బై ఆరేళ్ళు,
"ఎవడు చూడొచ్చాడు తల్లీ, పది వేసుకో" అంది.
తీసేసిన పిన్నులు పద్దెనిమిదీ
ఉప్పు సీసాలో దాచుకుందట,
కోళ్ళగూటి వలకి పనికొస్తాయని.
బడిపంతులు నెస్తోర్ ఒయార్సో
జిగురుతో వెంట్రుకంత గీతగా మానినవాడు,
నాలుగిచ్చాడు.
"ఇంత నొప్పి పడ్డాక కనీసం కనపడొద్దూ?"

పడవలు చేసే అబ్దోన్ కార్కమో
తన కుట్ల వరస వేలితో తడిమి
నాకే పాఠం చెప్పాడు.
పలకల సందుల్లో అలెర్సె చెట్టు నార కూరతాం,
ఉలితో, సుత్తితో, కాస్త సళ్ళుంచి.
మరీ బిగిస్తే పలక పగులుతుంది.
నీళ్ళలో దించిన మొదటి రాత్రి
కారని పడవ లేదు.
కర్ర నాని, ఉబ్బి, తనంతట తను మూసుకోవాలి.
మూసేది మేం కాదమ్మా.
ఫారంలో ఈ మాటకి గడి లేదు.
మార్కులడిగితే ఆరున్నర అన్నాడు.
ఆ అర ఎందుకో చెప్పలేదు.

ఇక ఎద్విన్ మాన్సియా,
సాల్మన్ చేపల వలల దగ్గర పని, పంతొమ్మిదేళ్ళు,
పగిలిన అపెండిక్సుని మూడ్రోజులు దాచుకుని వచ్చాడు.
చీము ఉన్న ఇంటికి తలుపు వెయ్యకూడదు.
తెరిచే వదిలాం.
కవరు చింపలేదు, పట్టికలో వాడు లేడు.
నలభైయొక్క పొద్దులు
పాత గాజుగుడ్డ లాగాను, కొత్తది కూరాను.
మొదట్లో వాడు పైకప్పు వైపే చూసేవాడు,
తర్వాత్తర్వాత గాయం లోపలికి
బావిలోకి చూసినట్టు తొంగిచూసేవాడు.
అడుగునుంచి ఎర్రటి మాంసం
ముర్తా పళ్ళ గుత్తిలా,
రోజుకి గోరంత చొప్పున
పైకి వచ్చింది.
స్కేలు నా జేబులోనే ఉంది. ఊరికే కొలిచాను.
ఎక్కడా రాయలేదు.

జులైలో చెమ్మ పట్టి
మిగిలిన కవర్లన్నీ అంటు వదిలేశాయి.
సొరుగు లాగితే
ముప్పయ్యేడు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.
సాంతియాగోలో లెక్కలాయన ఫోన్లో అరిచాడు,
లోపలిది ముందే తెలిస్తే ఇక పరీక్షేమిటని.
డాక్టర్ ఇతూర్రా నవ్వాపుకోలేక
కిటికీ వైపు తిరిగింది. కిటికీలో వానే.

నేను బల్ల మీది స్టేప్లరు అందుకున్నాను.
లోపలికి చూడకుండా మూయడం
ఇంత కష్టమని తెలీదు.
టక్కు.
టక్కు.
ఒక్కటి మాత్రం చూశాను.

దారం.